పడవల వడ్రంగి చూసిన రెండు కార్లు

కోట ఊరికి తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న కొత్తపాలెంలో ముత్యాలయ్య పడవల వడ్రంగి. తండ్రీ తాతా చేసిన పనే అతనూ చేసేవాడు. ఆ తీరంలో పడవకు మేకు కొట్టరు. పలకకు పలక ఆనించి, అంచుల వెంట చిల్లులు వేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద ఎండుగడ్డి దట్టించి బిగిస్తారు. ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట పడవ ఎత్తు నుంచి ఇసుక మీద పడుతుంది. మేకులతో బిగించిన పలక ఆ దెబ్బకు చీలిపోతుంది. కుట్టిన పడవ మూలిగి, కాస్త వంగి, మళ్ళీ తన రూపానికి వస్తుంది. ఈ సంగతి కొత్తపాలెంలో పిల్లలకు కూడా తెలుసు. ముత్యాలయ్యకు అందరికంటే బాగా తెలుసు. తెలిసే 1956లో అదే పాలెం జాలరి చెంచయ్య పడవకు పదకొండు మేకులు కొట్టాడు.

ఎందుకు కొట్టాడంటే, కృష్ణపట్నంలో ఒక పెద్ద పడవ చూశాడు గనక. ఆ పడవకు ఎక్కడా కుట్టు లేదు, అంతా ఇనుపమేకులే, అద్దంలా నున్నగా ఉంది. తన చేతికి అంతకంటే తెలివి ఉందని అతనికి నమ్మకం. చెంచయ్యకు చెప్పలేదు. ముందువైపు ఎడమ పలకకు మేకులు కొట్టి, పైన మామూలుగా గడ్డి దట్టించి తాడు కుట్టేశాడు. ఏడాది నడిచాక చెప్పి, ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించాలనుకున్నాడు.

ఏడాది నడవలేదు. ఆ కార్తీకంలోనే, వల లాగి తిరిగి వస్తుండగా, మూడో అల మీద ఆ పలక విడిపోయింది. చెంచయ్య ఈదుకుని వచ్చాడు. అతని తమ్ముడు అంకయ్య రాలేదు. మిగిలిన పలకలన్నీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఆ ఒక్క పలక తప్ప. అందువల్ల మేకులు ఎవరి కంటా పడలేదు. కుట్టు వదులై ఉంటుందని జనం అనుకున్నారు. ముత్యాలయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. తరువాతి పడవ పని మాత్రం దుగరాజపట్నం వడ్రంగికి వెళ్ళింది. ఆ తరువాతిది కూడా. కుట్టు వదులు కాదని ముత్యాలయ్య ఒక్కడికే తెలుసు. నిజం అంతకంటే చెడ్డది కాబట్టి నోరు విప్పలేదు.

అప్పటి నుంచి పీటలు, నులకమంచాలు, ఎద్దుల కాడిమానులు చేసుకుంటూ బతికాడు. భార్య మస్తానమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కోటకు పోయి వచ్చేది. సముద్రపు ఒడ్డుకు అతను వెళ్ళడం మానేశాడు. ఇంటి వెనక ఇసుక దిబ్బ దాటితే సముద్రమే, అయినా దిబ్బ ఎక్కేవాడు కాదు.

1959లో ఒకనాడు కోట నుంచి మెకానిక్ రమణయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"ముత్యాలన్నా, వంకర చెక్క పని నీకు తెలుసు గదా?"

"ఏ వంకర?"

"కారు వంకర."

"నేను నీకు యాడ దొరికినాన్రా ఎగతాళికి?" అన్నాడు ముత్యాలయ్య.

ఎగతాళి కాదు. కోటలో హజరత్తయ్య గారని బియ్యం మిల్లు యజమాని ఉండేవాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు. మద్రాసులో చదివినప్పుడు పట్టుకున్న కార్ల పిచ్చి చదువు వదిలినా వదల్లేదు. మద్రాసులో ఒక దొర దగ్గర ఎం.జి. అనే ఇంగ్లండు కారు కొన్నాడు. ఇద్దరే కూర్చునే పందెపు కారు. 1948లో తయారైనదే గాని దాని ఆకారం యుద్ధానికి ముందరిది. పొడుగాటి ముక్కు, సైకిలు చక్రాల్లా ఊచలున్న పెద్ద చక్రాలు, ముందుకు పడుకోబెట్టగలిగే అద్దం, నడుం దగ్గర కిందికి కోసినట్టున్న తలుపులు. ఎర్ర రంగు. పదేళ్ళు మన వానల్లో తడిసేసరికి తలుపులు మూసుకోవడం మానేశాయి. కోట వడ్రంగులు చూసి, తిన్నని చెక్కయితే చేస్తాం, ఇది మా వల్ల కాదన్నారు.

ముత్యాలయ్య వెళ్ళి చూశాడు. రమణయ్య ఒక పక్క రేకు విప్పి చూపించాడు. లోపల చెక్క.

"కారు గూడా చెక్కదేనా?" అన్నాడు ముత్యాలయ్య. అతని గొంతులో మూడేళ్ళుగా లేని ఏదో ఉత్సాహం వినిపించింది.

"కింద ఇనుప చట్రం. పైన ఎముకలన్నీ చెక్కే. రేకు చొక్కా మాదిరి."

"ఏం చెట్టు ఇది?"

"దొరల దేశంలో చెట్టు. మనకు పేరు తెలీదు."

ముత్యాలయ్య పుచ్చిపోని ఒక ముక్క తీసి రెండు చేతులతో వంచాడు. వంగింది. వదిలితే తిరిగి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. దీన్ని చేసినవాడికి దెబ్బ తినే వస్తువు ఎలా ఉండాలో తెలుసుననుకున్నాడు. ఎక్కడో చలిదేశంలో తనలాంటి వడ్రంగి ఒకడు, రోడ్డు గుంతలను అలల్లా లెక్కపెట్టుకుని, ఈ చెక్కను ఏరాడు.

నాలుగు నెలలు మిల్లు పక్క కొట్టంలో పని చేశాడు. తుమ్మతోపులన్నీ తిరిగి, పుట్టుకతోనే వంగిన కొమ్మలు ఏరుకొచ్చి ఎండబెట్టాడు. పాత చట్రంలో మరలున్న చోట మరలే బిగించాడు, కానీ ప్రతి అతుకు కింద గుగ్గిలంలో నానబెట్టిన నూలు తాడు నాలుగు చుట్లు కట్టాడు.

"ఇదేందన్నా, తాళ్ళు? ఇది కారా, మంచమా?" అన్నాడు రమణయ్య.

"ఊగాల్సిన చోట ఊగనీరా."

మేకు మాత్రం చేత్తో ముట్టలేదు.

కారు పూర్తయ్యాక హజరత్తయ్య గారు వాకాడు దాకా తోలి వచ్చి, తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి, "పెట్టె మూసినట్టు ఉండాది" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు రెండు నెలలు నిలిచింది. ఆపైన వానలు పట్టాయి. వాకాడులో ఒక పెళ్ళి ముందర కారు గుడ్డ పైకప్పు వేయకుండా నిలిపి, హజరత్తయ్య గారు భోజనానికి కూర్చున్నాడు. గంటసేపు జడివాన. తిరిగొచ్చి తలుపు తీసేసరికి మోకాలి ఎత్తున నీళ్ళు కిందికి దూకి, పట్టుపంచె తడిపి, కొత్త చెప్పు ఒకదాన్ని లాక్కుపోయాయి.

సంగతేమంటే, కారు అడుగున నీళ్ళు పోయేందుకు ఉన్న చిన్న చిల్లులను ముత్యాలయ్య పురుగు తొలిచిన చిల్లులనుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ వెతికి, దూదీ గుగ్గిలమూ దట్టించి మూసేశాడు. పడవ అడుగున చిల్లు చూసి ఊరుకునే వడ్రంగి కొత్తపాలెంలో పుట్టడు.

పెళ్ళివారు విరగబడి నవ్వారు. "హజరత్తయ్యా, కొర్రమీన్లు వదులుదామా?" అన్నాడొకడు. మరునాడు ముత్యాలయ్య తల వంచుకుని మిల్లుకు వచ్చాడు. హజరత్తయ్య గారు అరుస్తాడనుకున్నాడు.

"ముత్యాలయ్యా, చుక్క కారలేదయ్యా! పెళ్ళికొడుకు స్నానం చేసుండొచ్చు దాంట్లో," అని ఆయనే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ చిల్లులు తెరిచిపెట్టు చాలు. మిగతాది ముట్టుకోబాక."

ఆ రోజు నుంచి ముత్యాలయ్య వారానికోసారి మిల్లుకు పోయి కారు చుట్టూ ఒకసారి తిరిగి, అతుకులు తడిమి వచ్చేవాడు. పని ఉన్నా లేకపోయినా. "కారుకు కాపలా ఉంటాడు గానీ ఇంటి తలుపుకు గడియ పెట్టడు ఈ మనిషి," అని మస్తానమ్మ పక్కింటి వాళ్ళతో అనేది. తన చేయి ఇంకా మంచిదేనని నమ్మడానికి ఆ మనిషికి ప్రపంచంలో మిగిలిన వస్తువు ఆ కారు ఒక్కటేనని ఆమెకు తెలియదు.

1962లో జర్మను కారు వచ్చింది.

మద్రాసులో పని ముగించుకుని దేశానికి వెళ్ళిపోతున్న ఒక జర్మను ఇంజనీరు దగ్గర హజరత్తయ్య గారు కొన్నాడు. పోర్షే అన్నారు. 1957లో తయారైనది. అంకెల్లో రెండు కార్లకూ తొమ్మిదేళ్ళే తేడా. పక్కపక్కన నిలిపితే మాత్రం తాతా మనవడూ నిలబడినట్టుండేవి. కోటంతా మిల్లు దగ్గరికి వచ్చింది. రమణయ్య ముందు మూత ఎత్తితే లోపల స్టెప్నీ చక్రమూ పెట్రోలు తొట్టీ ఉన్నాయి.

"ఇంజను యాడ?" అన్నారెవరో.

"వెనక."

"నీళ్ళు యాడ పొయ్యాల?"

"పొయ్యక్కర్లా. గాలితోనే చల్లబడద్ది."

జనం నమ్మలేదు. ఒక పెద్దాయన కారు చుట్టూ చెంబు పట్టుకుని తిరిగాడు, నీళ్ళు పోసే చోటు దాచిపెట్టారని. స్టీరింగు ఎడమ వైపు ఉండడం మరో వింత.

ముత్యాలయ్య అందరూ వెళ్ళిపోయాక దగ్గరికి వెళ్ళాడు. చేత్తో వెనక నుంచి ముందుకు నిమిరాడు. ఎక్కడా అతుకు తగల్లేదు. ఏళ్ళ తరబడి ఏటి నీళ్ళలో దొర్లిన రాయిలా ఉంది. వేళ్ళతో తట్టాడు. అన్ని చోట్లా ఒకే మోత.

"దీనికి ఎముకల్లేవు," అన్నాడు రమణయ్యతో.

"చట్రం, పైకవచం అంతా ఒకటేనన్నా. రేకుకు రేకు కాల్చి అతికించేసినారు."

"గుల్ల మాదిరి."

"అంతే. శంఖం మాదిరి. చెక్క ముక్క లేదు."

ముత్యాలయ్య రెండు కార్ల మధ్య నిలబడి రెంటినీ చూశాడు. ఎం.జి.ని చూస్తే ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. మనిషి చేశాడని తెలుస్తుంది. విప్పి మళ్ళీ కట్టొచ్చు. నీళ్ళడుగుతుంది, నూనె అడుగుతుంది, గుంత వస్తే కూర్చున్నవాడి పళ్ళ దాకా చెబుతుంది. జర్మనుది దేనికీ ఎవరినీ అడిగేది కాదు. దాని నాలుగు చక్రాలూ వేటికవి విడివిడిగా లేచి దిగుతాయి. లోపల కూర్చున్నవాడికి రోడ్డు సంగతి తెలియనే తెలియదు. ఎం.జి. కంటే ఒక తరం తెలివి ఎక్కువ, గంటకు ఇరవై మైళ్ళ వేగం ఎక్కువ.

"ఏది మంచిదంటావు ముత్యాలయ్యా?" వెనక నుంచి హజరత్తయ్య గారు అడిగాడు.

"జర్మనుదే మంచిదయ్యా," అన్నాడు ముత్యాలయ్య నిజాయితీగా. "కాకపోతే బరువంతా వెనక పెట్టుకోనుండాది. వెనక బరువున్న పడవ అలను బాగా ఎక్కుద్ది. బిన్నా తిప్పితే మాత్రం వెనకది ముందుకు రావాలని చూస్తది. నిదానంగా తిప్పండి."

"ఓరి నీ పాసుగాల! ఇంజనీరు కూడా ఇదే మాట చెప్పి పోయినాడు."

హజరత్తయ్య గారి తల్లి ఆదిశేషమ్మ వసారాలో నుంచి కేకేసింది. "మేళాలు ఆపి ఒకటి అమ్మెయ్యి నాయనా! ఇద్దరు కూర్చునే బండ్లు రెండా ఇంట్లో? నన్ను గుడికి తీసకపోవాలంటే సగం ఒక దాంట్లో, సగం ఒక దాంట్లో ఎక్కించకపోతావా?"

హజరత్తయ్య గారు తల్లి మాట తీసేసేవాడు కాదు. ఎం.జి.ని అమ్మడానికి మద్రాసుకు ఉత్తరం రాశాడు.

1963 మొదట్లో, సముద్రం సద్దుమణిగిన రోజుల్లో, మద్రాసు నుంచి డాక్టరు గారొకాయన కారు చూడడానికి వచ్చాడు. తెలుగువాడే. షోళవరం పాత విమానాల మైదానంలో జరిగే కారు పందేలకు పోయి వచ్చే మనిషి. చెక్క చట్రం కొత్తగా కట్టిందని విని, "పరుగులో నిలుస్తుందా చూద్దాం," అన్నాడు. కోట రోడ్లు గుంతలమయం. కొత్తపాలెం ఒడ్డున ఆటు వేళ తడి ఇసుక రెండు మైళ్ళు గట్టిగా ఉంటుంది, రెండు కార్లూ అక్కడ తోలి చూద్దామని హజరత్తయ్య గారికి తోచింది. ముత్యాలయ్య వద్దనలేకపోయాడు. ఆరేళ్ళ తరువాత ఇసుక దిబ్బ ఎక్కాడు.

పొద్దు ఒక బారెడు ఎక్కేసరికి పాలెం అంతా ఒడ్డునే ఉంది. చెంచయ్య పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ముత్యాలయ్య అటు చూడకుండా ఎం.జి. చక్రం పక్కన నిలబడ్డాడు.

డాక్టరు గారు కారు కింద తొంగిచూసి లేచాడు. "ఈ తాళ్ళ పని ఎవరిది?"

"ఇదిగో, ఈయనదే. పడవల వడ్రంగి," అన్నాడు హజరత్తయ్య గారు గొప్పగా.

"అట్లానా? నీ పడవలు తేలినాయా ఏమయ్యా?" అన్నాడు డాక్టరు గారు నవ్వుతూ. ఉత్త సరదా మాట. ఆయనకేం తెలుసు?

నవ్విన వాళ్ళు లేరు. హజరత్తయ్య గారు గబగబా, "ఇసుకలో యాడ మెత్తనో యాడ గట్టో తెలిసినవాడు ఒకడు కావాల. జర్మనుది లాగేస్తుంది, ఎం.జి. చక్రాలు సన్నం, దిగబడితే లేవదు. చెంచయ్యా, నువ్వు రమణయ్య పక్కన కూర్చోని దోవ చూపియ్యి," అన్నాడు.

చెంచయ్య వల పక్కన పెట్టి లేచాడు. కారు దాకా వచ్చి తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. ముత్యాలయ్య చేతిపని మీద కూర్చుని సముద్రం ఒడ్డున పోవడం. ఆ ఆగడమేమిటో అక్కడున్న పాలెం వాళ్ళందరికీ అర్థమైంది. ఇప్పుడు ఊరుకుంటే చెంచయ్య ఎక్కుతాడు, లేదా ఎక్కడు. ఎక్కినా ఎక్కకపోయినా, కుట్టు వదులైందని నమ్ముతూనే ఉంటాడు.

"కుట్టు వదులు గాదు చెంచయ్యా," అన్నాడు ముత్యాలయ్య. "నేను మేకులు కొట్టినా. నీకు చెప్పకుండా కొట్టినా. పైన తాడు కప్పెట్టినా."

డాక్టరు గారు అందరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడా ముత్యాలయ్యా చెప్పేది!" అన్నాడు హజరత్తయ్య గారు నెమ్మదిగా.

చెంచయ్య ముఖంలో ఏమీ కనపడలేదు. "ఎన్ని?" అన్నాడు.

"పదకొండు."

"ఏ పక్క?"

"ముందర. ఎడమ పక్క."

"అంకయ్య కూర్చునే పక్క."

"ఆఁ."

చెంచయ్య తలుపు మీది చెయ్యి తీయలేదు. "ఇందులో ఎన్ని?"

"ఒక్కటీ లేదు."

చెంచయ్య మోకాళ్ళ మీద కూర్చుని, కారు కిందికి తల పెట్టాడు. ప్రతి అతుకు దగ్గరా వేళ్ళు పెట్టి, తాడు చుట్లు ఒక్కొక్కటే తడిమి, రేకు మీద గోటితో గీకి, చాలాసేపు చూశాడు. లేచి చేతుల ఇసుక దులుపుకున్నాడు. ఎక్కి కూర్చున్నాడు.

"పోనీ రమణయ్యా," అన్నాడు.

పందెం అనుకున్నది పందెంలా జరగలేదు. జర్మను కారు మొదటి క్షణంలోనే దూసుకుపోయింది. బరువు వెనక చక్రాల మీదే ఉండడం వల్ల ఇసుకను పట్టుకుని, ఒక్క కుదుపు లేకుండా, జారుడు చెక్క మీద పోయినట్టు పోయింది. ఎం.జి. రొద పెట్టుకుంటూ, ఎగిరెగిరి పడుతూ, నీళ్ళ అంచు వెంబడి వంకరటింకరగా వెంటబడింది. చెంచయ్య చెయ్యి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగడం ఒడ్డున ఉన్నవాళ్ళకు కనిపించింది. మెత్తని చోటు ఒక్కదాంట్లో కూడా చక్రం దిగలేదు.

రెండు మైళ్ళ అవతల పాతిన గెడ దగ్గర తిరిగి రావాలి. హజరత్తయ్య గారు జర్మను కారును వేగంగా తిప్పబోయి, భయపడి మధ్యలో యాక్సిలరేటరు మీది కాలు తీసేశాడు. కారు వెనక భాగం ముందుకొచ్చి, బొంగరంలా ఒకటిన్నర చుట్టు తిరిగి, సముద్రానికి ఎదురుగా నిలబడిపోయింది. ఒక అల వచ్చి దాని ముక్కు కడిగి వెళ్ళింది. ఎం.జి. గెడ చుట్టూ పెద్దముత్తయిదువలా నిదానంగా తిరిగి, జర్మను కారు పక్కన ఆగింది. రమణయ్య ఏదో అంటే, హజరత్తయ్య గారు స్టీరింగు మీద కొడుతూ నవ్వాడు. తరువాత జర్మనుది మళ్ళీ కదిలి, చూస్తుండగానే ఎం.జి.ని దాటి, ఎంతో ముందుగా వచ్చేసింది.

"గెలిచింది జర్మనుదే," అన్నాడు హజరత్తయ్య గారు దిగుతూ. "అయినా మనిషిని నవ్వించడం ఎం.జి.కి చేతనవును, దీనికి రాదు. మలుపులో నాకు చెమట పట్టించింది."

డాక్టరు గారు తిరిగొచ్చిన ఎం.జి. తలుపులు తెరిచి వేసి చూశాడు. పెట్టె మూసినట్టే ఉన్నాయి. "నేను తీసుకుంటా," అన్నాడు. "ఆ తాళ్ళు అట్లాగే ఉండనీండి."

చెంచయ్య కారు దిగి, ఎవరి ముఖమూ చూడకుండా తన వల దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎం.జి. మద్రాసు రోడ్డెక్కింది. ముత్యాలయ్య కోట సెంటరు దాకా వెంట నడిచి, అది నాయుడుపేట వైపు తిరిగాక వెనక్కి వచ్చాడు. పోయినదాన్ని గురించి అతనికి ఏడుపు రాలేదు. ఏడవడానికి అంతకంటే పెద్ద సంగతి ఇంట్లో ఉంది. మస్తానమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం ముందు పెట్టి అంది:

"ఆరేండ్లు నా పక్కన పండుకున్నావు. నాకన్నా చెప్పుండొచ్చు గదా?"

"చెప్తే నువ్వేం చేసుండేదానివి?"

"తిట్టుండేదాన్ని. తిట్టి, నీతో పాటు నేను గూడా మోసుండేదాన్ని. తట్టలు మోసే దాన్నేగా?"

పాలెంలో జనం ఇదివరకు మౌనంగా ఉండేవాళ్ళు. ఇప్పుడు మాట్లాడారు. కొందరు అతని ఇంటి ముందు నుంచి పోతూ ఉమ్మి వేశారు. అంకయ్య తల్లి వచ్చి గుమ్మం ముందు నిలబడి, నోరు నొప్పి పుట్టేదాకా తిట్టి, చివరికి మస్తానమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళింది. ముత్యాలయ్య తలుపు మూసుకోలేదు. చిత్రమేమంటే, ఆ తిట్లన్నీ విన్నాక అతనికి నిద్ర పట్టసాగింది. పొద్దున్నే లేచి దిబ్బ ఎక్కి, కాసేపు సముద్రం చూసి వచ్చేవాడు.

నెల దాటాక ఒక ఉదయం చెంచయ్య దిబ్బ మీదే ఎదురయ్యాడు. చేతిలో కొత్త కొబ్బరి తాడు చుట్ట ఉంది.

"నా పడవ రెండు పలకలు మళ్ళీ కుట్టాల," అన్నాడు సముద్రం వైపు చూస్తూ.

"దుగరాజపట్నం ఆయన..."

"ఆయన్ని నేను పిలవలా."

ముత్యాలయ్య చెంచయ్య చేతిలోని తాడు చుట్ట వైపు చూశాడు.

"నువ్వు బయట కుట్టు. లోపల నేను కూర్చుంటా. ప్రతి చిల్లూ నేను చూడాల. నేను ఊఁ అన్నాకనే తాడు బిగించాల. ఇష్టమైతే రా, లేకుంటే లేదు."

పడవ కుట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట, ఒకరు లోపల. బయటివాడు చిల్లులో నుంచి తాడు లోపలికి తోస్తాడు, లోపలివాడు అందుకుని పక్క చిల్లులో నుంచి బయటికి పంపుతాడు. మధ్యలో పలక ఉంటుంది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనపడదు. ఎప్పుడూ వడ్రంగి తరఫు మనిషే లోపల కూర్చుంటాడు. పడవ యజమాని కూర్చోవడం ఆ పాలెంలో ఎవరూ ఎరగరు.

ముత్యాలయ్య పనిముట్లు తెచ్చుకున్నాడు. చెంచయ్య పడవలోకి ఎక్కి కూర్చున్నాడు. వలల దగ్గరున్న వాళ్ళు చేతుల్లో పని ఆపి చూశారు. మొదటి చిల్లులో తాడు పోయింది. లోపల దాన్ని ఒక చెయ్యి అందుకుంది. ఆ వేళ్ళు చిల్లు చుట్టూ తడిమాయి. తరువాత "ఊఁ" వినిపించింది. ముత్యాలయ్య కాలు పలకకు తన్నిపెట్టి బిగించాడు.

అయిదారు కుట్లు అయ్యాయి. చేతులకు పాత తీరు తిరిగి వస్తోంది. కళ్ళలో నీళ్ళు అడ్డొస్తున్నాయి గాని తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చెంచయ్యా," అన్నాడు పలక ఇవతల నుంచి. "ఆ పొద్దు అంకయ్య..."

"తాడు తొయ్యి," అంది లోపలి గొంతు. "మాటలు తర్వాత. తాడు తొయ్యి ముందు."

ముత్యాలయ్య తాడు తోశాడు.